ఎక్కడున్నావు?

“ఎక్కడున్నావు?” డబ్బింగ్ కళాకారుడు గర్జించాడు. స్టూడియో గాజు తలుపు గజగజలాడింది.

ఏదెను తోటలో తప్పుచేసి దాక్కున్న మనిషిని దేవుడు పిలిచే ఘట్టం అది. ఆడియో బైబిలుకి దేవుడి గొంతు ఇతనిదే.

“అదిరింది గురువుగారూ!” అన్నాడు రికార్డిస్టు.

“గొంతు దేవుడిది, గోల దెయ్యానిది అని మా ఆవిడ బిరుదు కూడా ఇచ్చేసిందయ్యా!”

పక్కనే ఉన్న పాస్టరుగారు నవ్వలేదు. “మీతో వచ్చిన పాపేదండీ?”

ఏడేళ్ల కూతురు మిక్సర్ బల్ల కింద చెవులు మూసుకుని ముడుచుకుపోయి ఉంది.

“అక్కడేం చేస్తున్నావే?”

“నువ్వు పిలిచావుగా నాన్నా! ఇంట్లో అయితే మంచం కింద దాక్కుంటా. ఇక్కడ మంచం లేదు.”

రికార్డిస్టు తల దించుకుని, తిప్పక్కర్లేని మీటలేవో తిప్పాడు.

“ఒక్క మాటతో వెలుగు పుట్టించిన గొంతుకి అరవాల్సిన పనేముందండీ?” అన్నారు పాస్టరుగారు మెల్లగా. “అయినా ఆ తోటలో దాక్కున్నవాడు తప్పు చేశాడు. ఈ పాపేం చేసింది?”

కళాకారుడు పొట్ట లోపలికి లాక్కుని బల్ల కిందికి దూరి, తల వంచుకుని కూతురి పక్కన కూర్చున్నాడు.

పాప చెవుల మీంచి చేతులు తీసి, కొంచెం జరిగి చోటిచ్చింది.

“నిన్నెవరు పిలిచారు నాన్నా?”