మిగిలిన ఏడు మాత్రలు

“ఐదు, ఆరు, ఏడు.” రచన మాత్రల అట్టను లావణ్య ముఖం ముందు ఆడించింది. “ఇయ్యాల్టితోని నెల ఒడిసింది. అట్ట ఖాళీ కావాలె. ఈ ఏడు యాడికెల్లి వచ్చినయ్?”

లావణ్య చంటిదాన్ని ఒక భుజం మీది నుంచి మరో భుజానికి మార్చుకుంది.

ఆ వాలకం చూస్తేనే రచనకు ఒళ్లు మండుతుంది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్లను తమ్ముడు సాయిలుకు చేసుకోవద్దని ఆనాడే చెప్పింది. గౌలిపురలో బర్రెలకు గడ్డి వెయ్యడానికి చదువెందుకంది అమ్మ. ఇప్పుడు అదే అమ్మ మందులు ఈ పిల్ల చేతిలో పడ్డాయి. అమ్మ రాజమణికి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తున్నాయి. ఎముకల్లో ఉండాల్సిన కాల్షియం రక్తంలోకి వచ్చి చేరుతోంది. ఒకసారి కిడ్నీలో రాయి కూడా పడింది. నెల మధ్యలో చేయించిన పరీక్షలో కాల్షియం దిగకపోగా ఇంకా పెరిగింది. మోతాదు పెంచాలేమో చూద్దాం, ఇవాళ సాయంత్రం తీసుకురమ్మన్నాడు డాక్టరు. ఈ ఇంట్లో డాక్టరుతో మాట్లాడే ముఖం ఎవరికుందని, బడికి సెలవు పెట్టుకుని చాంద్రాయణగుట్ట నుంచి తనే వచ్చింది రచన టీచరు.

“మాత్ర ఎప్పుడిస్తున్నవ్?”

“పొద్దుగాల అన్నం తిన్నంక, వదినె.”

“తిన్నంకనా. థైరాయిడ్ మాత్ర పరగడుపున వెయ్యాలె. మా వాచ్‌మన్ పెండ్లానికి గూడ ఎరుకే.”

“ఇది థైరాయిడ్‌ది కాదు వదినె. దాని ఎనుక నాలుగు చిన్న చిన్న గ్రంథులుంటయంట, వాటిది. తిండితోని వేస్తెనే ఒంటికి పడతదని డాక్టర్ సాబ్ అన్నడు.”

“బీఎస్సీ చదివినదానికి పాఠం చెప్తున్నవా?”

మంచం మీది నుంచి రాజమణి కల్పించుకుంది. “దాన్నెందుకు సతాయిస్తవ్ బిడ్డా. నన్ను మంచిగనే చూస్కుంటున్నది.”

“మంచిగ చూస్కుంటె మాత్రలెట్ల మిగిలినయ్ అమ్మా?”

రాజమణి కోడలి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. “పోనియ్. ఎవలు మర్చిపోతె ఏంది, ఇంత లొల్లి ఎందుకు?”

“తప్పు నాదే వదినె,” అంది లావణ్య మెల్లగా. “నేనే మంచిగ సమజ్ చెయ్యలే.”

“ఎవరికి సమజ్ చేస్తవ్, బర్రెలకా?”

అసలు ఇలాంటివాళ్లతో మాట్లాడటమే దండగ అనుకుంది రచన. వంటింట్లో అల్లం దంచే చిన్న రోలు తెచ్చి మంచం పక్కన పెట్టింది. “ఇయ్యాల్టి నుంచి రోజుకు రెండు. మిగిలినయన్ని ఒడుస్తయ్. మింగుడు కష్టమైతె దంచి మజ్జిగల కలుపుత.”

లావణ్య చప్పున వంగి అట్ట మీద చెయ్యి పెట్టేసింది. పెళ్లయిన మూడేళ్లలో ఆడబిడ్డకు అడ్డం రావడం అదే మొదటిసారి.

“వద్దు వదినె. తప్పిపోయిన మాత్ర తప్పిపోయినట్టే ఇడిసెయ్యాలె. రెండేస్తె కాల్షియం ఒక్కపారే కిందికి పడతది. మూతి చుట్టు తిమ్మిర్లొస్తయ్, వేళ్లు కొంకర్లు పోతయ్, గుండె లయ తప్పుతది. దంచుడు, తుంచుడు గూడ వద్దన్నడు. నిండు మాత్ర మింగుడే. ఏడు మిగిలినయని డాక్టర్ సాబ్‌కు చెప్పు, ఆయన చూస్కుంటడు.”

“అబ్బో. ఇవన్ని ఎప్పుడు నేర్చినవ్?”

“మూడుసార్లు చెప్పిచ్చుకున్న. రాసుకునుడు నాకు జల్ది రాదు గద.”

రచన ముక్కుతో నవ్వింది. చదువు లేనివాళ్లకు నాలుగు ముక్కలు నోటికొస్తే చాలు, వేదంలా పట్టుకుంటారు. రోలును కాలితో పక్కకు నెట్టింది. దీని సంగతి పది మందిలో తేల్చాలి.

తలుపు పక్కన గోడకు క్యాలెండరు వేలాడుతోంది. మాత్ర వేసిన రోజు గడిలో కుంకుమ బొట్టు. ఇదీ ఈమెగారి రికార్డు.

“మందులకు గూడ బొట్టు పెట్టి మొక్కుతున్నవా?” అంటూ దగ్గరికి పోయింది రచన. బొట్ల మధ్య ఒక వరుస వరుసంతా బోసిగా ఉంది, ఆదివారం నుంచి శనివారం దాకా. “ఇగో, దొరికింది. ఈ వారమంతా యాడ పండుకున్నవ్?”

“దాన్ని ఆడనే ఉండనియ్ బిడ్డా,” అంది రాజమణి.

“నువ్వు ఎనకేసుకొస్తున్నవ్ గనకనే ఇట్ల తయారైంది.”

రచన ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టింది. కింద రాసింది: ‘మన లావణ్యమ్మ నిర్వాకం చూడండి. వారం రోజులు అమ్మకు మాత్రే లేదు. ఇవాళ్టి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటుంది.’

మేనమామ వైకుంఠం వెంటనే ‘ఛీ’ అని పెట్టాడు. చిన్నమ్మ ‘చదువుకున్నోళ్లు చదువుకున్నోళ్లే’ అంది. సాయిలు చూశాడు, ఏమీ రాయలేదు. పెళ్లాన్ని ఏమని వెనకేసుకొస్తాడు పాపం, అనుకుంది రచన.

“అమ్మ ఇగ నా దగ్గరనే ఉంటది. బట్టలు సర్దు.”

లావణ్య పిల్లను అత్త పక్కన పడుకోబెట్టి చీరలు మడతపెట్టసాగింది. కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది. రాజమణి గోడ వైపు తిరిగి పడుకుంది.

“మాత్రలు ఈపారి సంచి పైజేబుల పెడుత వదినె, కనవడేటట్టు,” అంది లావణ్య. “అన్నం తిన్నంక గుర్తుచెయ్యి. అత్తమ్మ తనంతట తను అడగది.”

“నాకు చెప్పనక్కర లేదు.”

అప్పుడే ఫోను మోగింది. గ్రూపులో మరో జవాబు వచ్చింది. పంపింది రచన కూతురు, ఇంటర్ చదివే స్రవ్య. కూతురు కూడా తన పక్షమే అనుకుని, లావణ్యకు వినిపించాలని పైకే చదివింది రచన.

“మమ్మీ, ఆ వారం అమ్మమ్మ మన ఇంట్లనే ఉండె.”