చౌడమ్మ కత్తి వయసు

"ఈ కత్తి ఇయ్యను పో," అన్నాడు ఓబులేసు.

శాంతయ్య తన చెవులను తానే నమ్మలేకపోయాడు. తెల్లవారితే చౌడమ్మ జాతర. ఏటా జాతరకు ముందు అమ్మవారి కత్తిని కమ్మరి ఓబులేసు కొలిమిలో సాన పట్టిస్తారు. ఆ కత్తితో పూజారి తొలి గుమ్మడికాయ కొట్టాకే తేరు కదులుతుంది. సాన పట్టిన కత్తి తీసుకుపోదామని పూజారి హోదాలో తాను వస్తే, జరుగుతున్న మర్యాద ఇది.

"ఎగతాళికి ఇదా పొద్దు ఓబులేసన్నా? పాళెగాళ్ల కాలం నాటి కత్తి అది. మున్నూరేండ్లుగా మా ఇంటోళ్ల చేతుల్లో ఉండాది."

"మున్నూరేండ్లా? ఇది నేను చేసిన కత్తి."

"తాగినావా?"

"కర్నూలు నుంచి వేణుగోపాల్ సారును పిలిపించు. పాత కత్తులు చూసేదాంట్లో ఆయన్ను మించినోడు లేడంట. నంబరు నా కాడ ఉండాది. ఆయన పాతదంటే నెత్తిన పెట్టుకోని గుడి దాకా మోసకొస్తా. కొత్తదంటే మాత్రం, చేసినోడు నేనని ఊరంతా ఒప్పుకోవల్ల."

ఓబులేసు పనిమంతుడే గాని గొప్పలకు ఏ మాత్రం తక్కువ లేదు. తాను చేసిన కొడవలిని చూస్తే గడ్డి తనంతట తానే వంగుతుందని చెప్పుకునే రకం. అయినా అమ్మవారి కత్తి దగ్గరే పేచీ పెడతాడని శాంతయ్య కలలో కూడా అనుకోలేదు. గుంజుకుందామంటే జాతర ముందు కొట్లాట అరిష్టం. వదిలేద్దామంటే తేరు కదలదు. తన హయాంలో తేరు ఆగిపోయిందన్న మాట వస్తే ఇక ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. పళ్లు కొరుక్కుంటూ ఫోను తీశాడు.

మధ్యాహ్నానికల్లా వేణుగోపాల్ గారు కారు దిగారు. పాత ఆయుధాలు చూడటంలోనే జుట్టు నెరిసిన మనిషి. కొలిమి ముందు మంచం వేశారు. సంగతి అప్పటికే పాకింది కాబట్టి ఊరు ఊరంతా చుట్టూ మూగింది.

ఆయన కత్తిని రెండు చేతులతో అందుకున్నారు. ఆ అందుకున్న తీరుకే శాంతయ్యకు సగం ప్రాణం లేచొచ్చింది. భూతద్దం పెట్టి మొన నుంచి పిడి దాకా చూశారు. గోటితో గీకారు.

"తుప్పు పొడిపొడిగా రాలడం లేదు. నల్లగా ఇనుములోకి ఇంకిపోయింది. చింతపండూ ఉప్పూ పూసి పాతదనం తెప్పించే వాళ్ల పని ఇట్లా ఉండదు," అన్నారు. "ఈ సమ్మెట దెబ్బలు చూడండి, ఒక్కటి కూడా దారి తప్పలేదు. వెన్ను దగ్గర ఇంత మందం, అంచు దగ్గర ఆకంత పలచన. ఇంత చక్కని చేతిపని చూసి ఎన్నాళ్లయిందో."

"అంటే పాతదే కదా సార్?" అన్నాడు శాంతయ్య ఆత్రంగా.

"పైకి పాతదే. పైపైన చూసి నేను మాట ఇవ్వను. పిడి ఊడదీయాలి. అక్కడ ఎవరూ మెరుగులు పెట్టరు."

శాంతయ్య లెంపలు వేసుకుని సరేనన్నాడు. ఓబులేసే కత్తిని సెగకు పెట్టి, లక్క కరిగించి, పిడి ఊడదీశాడు. దొరికిపోతానన్న బెదురు అతని ముఖంలో లేదు సరికదా, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

పిడిలోకి దూరి ఉండే ఇనుప తోక బయటపడింది. వేణుగోపాల్ గారు దాన్ని వెలుతురులోకి తిప్పి, భూతద్దం పెట్టి చూశారు. తర్వాత శాంతయ్యకు అందించారు.

"ఈ గీతలేమిటో తెలుసా?"

తెలియకేం. మొన్న ఎండాకాలమే ఇంటికి స్లాబు వేయించాడు. కమ్మీల మీద వరసగా ఉండే ఏటవాలు గీతలే అవి, వేలికి గరుకుగా తగులుతున్నాయి. పాళెగాళ్లెవరూ స్లాబులు వేయించిన దాఖలా లేదు.

"కొత్తదే," అన్నారు వేణుగోపాల్ గారు. "స్లాబు కమ్మీని కాల్చి, సాగగొట్టి ఇంత కత్తి చేశారు. ఈ కొనను మాత్రం కావాలనే కొట్టకుండా వదిలారు. ఓబులేసు గారూ, పిడి ఊడదీయకపోతే పాతదని రాసిచ్చి వెళ్లేవాణ్ణి. ఏదీ, మీ చెయ్యి ఒకసారి చూడనివ్వండి."

ఆయన ఆ నల్లటి చేతిని పట్టుకుని కళ్లకు అద్దుకున్నారు. జనం ఈలలు వేశారు. శాంతయ్యకూ ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. ఆ మరుక్షణమే అసలు కత్తి సంగతి గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున వెళ్లి ఓబులేసు చొక్కా పట్టుకున్నాడు.

"ఇది నువ్వు చేసిందైతే అమ్మోరి కత్తి యాడ? ఎవురికి అమ్మినావు?"

"వదలండి శాంతయ్య గారూ," వేణుగోపాల్ గారు పిడిని పైకెత్తి చూపించారు. "పసుపు ఈ చెక్క లోపలికంటా దిగి, ఆ కమ్మీ గీతల సందుల్లో కూడా పేరుకుపోయింది. ఒకటి రెండు జాతరలకు ఇంత లోతుకు దిగదు. ఏళ్ల తరబడి పూజ జరిగి ఉండాలి. ఆయన మార్చిందేమీ లేదు. మీరు ఇన్నాళ్లూ మొక్కుతున్న కత్తి ఇదే."

శాంతయ్య పట్టు సడలింది. "మరి పాతది?"

"మీ నాయన చేతిలోనే విరిగిపోయె. ఆ జాతరకే ఇది చేయించుకోని, ఎవురికీ చెప్పనని నాతో ఒట్టేయించుకునె," అన్నాడు ఓబులేసు చొక్కా సర్దుకుంటూ. "నేను చెప్తే తాగినావా అంటివి. సారే కనిపెట్న్యాడు."

"ఇన్నేండ్లు దాచినోడివి, ఇప్పుడెందుకన్నా బయటపెడ్తివి?"

ఓబులేసు పిడి బిగించి, కత్తిని శాంతయ్య చేతుల్లో పెట్టాడు.

"తీసకపో, అమ్మోరిదే. ఏటేటా ఈ కొలిమి ముందరే నిలబడి, ఈ కత్తినే పట్టుకోని, 'ఇట్లాంటి పనోళ్లు ఇప్పుడు యాడుండారన్నా' అని నన్నే అడుగుతాండావు కదప్పా, ఇంగ ఓర్చుకోలేకపోయినా."