జవాబుకు ముందు

తెలంగాణ బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో ప్రసన్నకుమార్ స్కూటర్‌ను బంద్ చేయిస్తున్నవాళ్ళు ఆపారు.

"ఏ ఊరన్న మీది?" అంటూ ఒకతను తాళం లాక్కున్నాడు. నోరు విప్పితే గుంటూరు యాస పట్టిస్తుందని ప్రసన్నకుమార్ కిక్కురుమనలేదు.

వెనక కూర్చున్న భార్య స్వప్న అందుకుంది. "మాది నల్లగొండ తమ్మీ. అత్తకు పాణం బాగలేదు, గోళీలు తీస్కపోతున్నం. జర పోనియ్యి."

ఆమె అంత ధారాళంగా మాట్లాడటం అతను పెళ్ళయ్యాక వినలేదు. తాళం తిరిగొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి తలుపు తీస్తూ అతని తల్లి అడిగింది. "ఇంతసేపైందేంటమ్మా?"

స్వప్న క్షణం ఆగి, మాటలు ఏరుకుంది. "దారిలో ఆపేశారండీ, అత్తయ్యగారూ."

ఆ ఇంట్లో ప్రతి జవాబుకు ముందూ ఆమె అలాగే ఆగుతుంది. అది ఆమె నిదానమనే అనుకున్నాడతను, ఇవాళ చౌరస్తాలో తన నోరు పెగలకుండా పోయేదాకా.