విన్నాను అనని రోజు

ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినందుకు, యంత్రాలొచ్చాక మా కోర్టులో మిగిలిన ఒకే ఒక్క మనిషి జడ్జిని తీసేసిన రోజే, మా అమ్మాయి హిమజ కేసు తీర్పుకొచ్చింది. ఫ్యాక్టరీలోంచి లీకైన గ్యాస్ పీల్చి హిమజ చనిపోయింది.

ఇక తీర్పులన్నీ యంత్రానివే, అది ఏం చెప్పాలో దిద్దేది ప్రభుత్వమే. అయితే తీర్పు చదివాక లాయరు లేచి "విన్నాను" అంటేనే అది అమలవుతుంది. జడ్జి తిరిగొచ్చేదాకా ఆ మాట అనకూడదని లాయర్లంతా తీర్మానించుకున్నారు.

మా లాయరు సలోమి నన్ను వరండాలోకి పిలిచింది.

"నోరు మూసుకోవడం మావాళ్లకి అలవాటు లేదు మాస్టారూ, పొద్దుట్నుంచీ ఊపిరాడక చస్తున్నారు" అని నవ్వబోయి ఆగింది. "తీర్పు మనవైపే వచ్చింది. తప్పు ఫ్యాక్టరీదేనట. మీరు ఊఁ అంటే వెళ్లి అనేస్తాను. తిడితే తిట్టనీండి."

"రేపు ఇంకొకరి బిడ్డ విషయంలో తప్పు ఫ్యాక్టరీది కాదని దానిచేత చెప్పిస్తే?"

"అప్పుడు అడగడానికి మనకి మొహం ఉండదు."

 "అనకమ్మా" అన్నాను.

లోపల యంత్రం "విన్నారా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. నల్లకోట్లవాళ్లంతా నిలబడే ఉన్నారు, ఎవరూ పలకలేదు. సాయంత్రానికి తీర్పు రద్దయింది.

జడ్జి ఇంకా తిరిగి రాలేదు. హిమజ ఎవరి తప్పువల్ల చనిపోయిందో కోర్టు ఇంకా చెప్పలేదు.