చీటీ లేని సీసా

“ఆగండత్తయ్యా, అదేం సీసా?” వీరవేణి అత్తగారి చేతిలోని చెంచా పట్టుకుంది. ఆవిడ ఒళ్ళో ఏడాది పిల్ల కడుపునొప్పితో గుక్కపట్టి ఏడుస్తోంది.

“వాము నీళ్ళు పోసుకునే సీసా నాకు తెలీదా? నలుగుర్ని పెంచినదాన్ని, నాకు చెప్పొచ్చావా?” అంది మంగతాయారు.

“చీటీ లేని సీసాని నమ్మొద్దని కాలేజీ ల్యాబులో మా హెలెన్ మేడం చెప్పేవారండి.”

“ఇంటరు సగంలో మానేసినదానికి మేడం గారొకరు.”

వీరవేణి చెంచాలోది గచ్చు మీద ఒంపింది. బుసబుసమంటూ నురగ లేచింది.

మంగతాయారు పిల్లని గుండెలకి అదుముకుంది. “రొయ్యల చెరువులో వాడే యాసిడ్ తెచ్చి వంటింట్లో పెడతావేరా, సచ్చినోడా” అని కొడుకుని కేకేసింది.

ప్రవీణ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. “నేను క్యానుతో పెరట్లో పెట్టానమ్మా. క్యాను కారిపోతందని నిన్న ఖాళీ సీసాలో పోసింది నీ కోడలే.”

వీరవేణికి మేడం మాట అక్కడితో ఆగలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

“పోసింది మీరే అయినా సరే నమ్మకండమ్మా” అని ఆ రోజు ఆవిడ తన కాలిన వేళ్ళు చూపించారు.