ఒక్కరు దాచుకున్న కాయిన్

ప్రతి మనిషికీ ఫోన్‌లో తన పేరు మీద సొంత కాయిన్ ఉన్న కాలమది. ఎంతమంది కావాలనుకుంటే దానికంత ధర. చూపు మందగించి కుట్టుపని మానేసిన వరహాలమ్మ కాయిన్‌ను మాత్రం డబ్బుకు బదులుగా ఒక్క మనిషే తీసుకునేది, ఆకుకూరలమ్మే పైడితల్లి.

“ఎవులూ పుచ్చుకోని నా కాయిన్లు ఏటి సేసుకుంతావే?” అని అడిగేది వరహాలమ్మ.

“దాసుకుంతానమ్మా. నువ్వు నా మనిసివి కదా,” అంటూ పైడితల్లి కొసరుగా రెండు కరివేపాకు రెబ్బలు వేసేది.

పది రోజులుగా పైడితల్లి రాలేదు. ఇవాళ ఆమె కూతురు ఫోన్ చేసింది.

“అమ్మ పోయిందండీ. ఆకులకి ఎదురు సూడకండి.”

వరహాలమ్మ గుమ్మంలో పెట్టిన ఖాళీ బుట్టను లోపలికి తెచ్చుకుంది. అలవాటుగా ఫోన్‌లో తన కాయిన్ చూసుకుంది. ధర కొంచెమైనా తగ్గలేదు. దాని కింద, దాచుకున్నవారు ఒకరు అని ఇంకా అలాగే ఉంది.