గురువారం ఆఖరి పీరియడు

స్టాఫ్‌రూము నల్లబల్ల మీది టైంటేబుల్లోంచి ఆ రోజు ఒక పీరియడు పోయింది.

గురువారం ఆఖరి గడిలో 'మత్తు అలవాట్లు - నివారణ' అని సైన్సు టీచరు పొద్దున తన చేత్తో రాసింది. మధ్యాహ్నం చూసేసరికి అక్కడ 'లెక్కలు' అని ఉంది.

"ఇది చెరిపిందెవరు?"

గదిలో లెక్కల మాస్టారు ఒక్కరే ఉన్నారు. పేపర్లు దిద్దుతున్నవారు కలం ఆపారు. "నేను అడగలేదమ్మా. ఇచ్చారు."

"నేనే చెరిపాను." గుమ్మంలో హెడ్మాస్టరు. చేతిలో తాళాల గుత్తి. మాట్లాడేటప్పుడు దాన్ని గలగలలాడించడం ఆయన అలవాటు. ఈమధ్య అందులోని ఓ చిన్న తాళంచెవిని బొటనవేలితో రుద్దుతూ ఉంటున్నారు.

"తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెప్పి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది సార్."

"ఉత్తర్వులు బోలెడొస్తాయి. మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు. లేనిపోనివి మనమే నేర్పినట్టవుతుంది."

"మనం నేర్పక్కర్లేదు. వాళ్ళే నేర్చేసుకున్నారు. ఆఫీసులో వైట్‌నర్ సీసాలు ఎందుకు నిలవడం లేదో అటెండర్ని అడగండి. మనవాళ్ళు చెరపాల్సినన్ని తప్పులు రాస్తున్నారా?"

లెక్కల మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు.

"ఆడపిల్లలు కూడానా? ఏం మాటలు టీచర్‌గారూ అవి!"

"ఆ అమ్మాయి ఆడపిల్ల కాదా?"

లెక్కల మాస్టారు పేపర్లలోకి ఇంకా వంగిపోయారు.

ఆ అమ్మాయిది తొమ్మిదో తరగతి, మూడో బెంచీ. సెలవులకు ముందు ఒక సాయంత్రం బడి వెనక మెట్ల మీద కనిపించింది. మొహం మీద ఘాటు వాసనొచ్చే తడి రుమాలు, పక్కన వైట్‌నర్ సీసా. అప్పటికే ప్రాణం లేదు. సెలవుల తర్వాత ప్రార్థన వేళ హెడ్మాస్టరు మైకు ముందుకొచ్చి, "పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయారు.

"గుండె ఆగిన మాట నిజమే సార్. ఎందుకు ఆగిందో పిల్లలకి చెప్పొద్దా?"

"పోయిన పిల్లని బజారుకీడుస్తారా?"

"పిల్ల పేరెత్తను. సీసా పేరెత్తుతాను."

"ఎవరి గురించో తెలీనంత అమాయకులా వాళ్ళు? కన్నవాళ్ళు ఏమైపోతారో ఆలోచించారా?"

"తల్లి ఒప్పుకుంది."

"తండ్రి ఒప్పుకోలేదు."

"తండ్రి ఒప్పుకోకపోతే ఆ రుమాల్లో వాసన పోతుందా?" ఆమె గొంతు పెంచలేదు.

హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగారు. "పొద్దున్నుంచీ మీరేమీ తినలేదు," అన్నారు సంబంధం లేకుండా.

"ఇప్పుడు సంగతి అది కాదు సార్."

ఆయన వెళ్ళిపోయాక లెక్కల మాస్టారు లేచి, ఆమె చేతిలో సుద్దముక్క పెట్టారు. "నా పీరియడే కదమ్మా, మీరు తీసుకోండి. నాకీ పూట గొంతు బాగాలేదు."

ఆ మాట అన్న గొంతు శుభ్రంగానే ఉంది.

"మీలో వైట్‌నర్ ఎవరెవరి దగ్గరుంది?" తొమ్మిదో తరగతిలో ఆమె అడిగిన మొదటి మాట అది. "సంచులు వెతకను. చేతులెత్తండి, చాలు."

చాలా చేతులే లేచాయి.

"వీడికి సీసా చాలదు టీచర్, బకెట్ కావాలి!" అన్నారెవరో వెనక బెంచీలోంచి. పక్కవాడు మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. నవ్వులు చప్పున ఆగిపోయాయి.

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని అందరూ 'రేడియో' అంటారు. ఈమధ్య ఆ రేడియో మోగడం తగ్గింది.

"ఒక్కసారి వాసన చూస్తే ఏం కాదటగా టీచర్?"

"ఎవరు చెప్పారమ్మా?"

రేడియో మూడో బెంచీలోని ఖాళీ చోటు వైపు చూసి, గబుక్కున తల దించుకుంది.

టీచరు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి వంగింది. "నువ్వూ చూశావా? కొట్టను, తిట్టను. చెప్పు తల్లీ."

"ఇద్దరం కలిసే చూసేవాళ్ళం," అంది రేడియో, వినీ వినపడకుండా. "నిన్న కూడా... నేనొక్కదాన్నే."

టీచరు బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. "విను. మొదటిసారికే గుండె ఆగిపోవచ్చు. పదోసారికి ఆగొచ్చు. ఎప్పుడన్నది ఎవరికీ తెలీదు."

"తనకి పుట్టుకతోనే జబ్బుంది కదా టీచర్. సారే చెప్పారుగా." పిల్ల తలెత్తింది. "నాకు లేదుగా మరి."

తలుపు దగ్గర తాళాలు గలగలలాడాయి. హెడ్మాస్టరు ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. తరగతంతా లేచి నిలబడింది.

"విన్నారా సార్?" అంది టీచరు. "మీ మాట నమ్ముకుని నిన్న మళ్ళీ చూసింది. జవాబు మీరే చెప్పండి."

ఆయన బొటనవేలు ఆ చిన్న తాళంచెవి మీద అలాగే ఉండిపోయింది.

"ఇంటికెళ్ళండర్రా," అన్నారు చివరికి. అప్పటికి గంట ఇంకా కొట్టలేదు.

రేడియోని మాత్రం టీచరు పంపలేదు. వాళ్ళమ్మని పిలిపించి, ఉన్నదున్నట్టు చెప్పి, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఒట్టేయించుకుని, చేతిలో చెయ్యి పెట్టి అప్పగించింది.

స్టాఫ్‌రూముకి తిరిగొచ్చేసరికి హెడ్మాస్టరు నల్లబల్ల ముందు నిలబడి ఉన్నారు. 'లెక్కలు' అన్న మాట చెరిపేసి ఉంది. ఆ గడిలో ఇంకేమీ రాయలేదు.

"వచ్చే గురువారానికి ఏం రాయమంటారు సార్?"

ఆమె గడప దాటేదాకా ఆగి ఆయన స్టాఫ్‌రూముకి, తర్వాత ఆఫీసుకి, గేటుకి తాళాలు వేశారు. గుత్తిలో ఆ చిన్న తాళంచెవి ఒక్కటీ ఈ రోజు కూడా పనిలేకుండా మిగిలింది.

మూడో బెంచీలో కూర్చునే తమ కూతురి గదిని ఆ భార్యాభర్తలిద్దరూ ఇంకా తెరవలేదు.